క్లౌడ్ బిల్లుకు సలహాదారు: ట్రస్టెడ్ అడ్వైజర్‌కు కనిపించేదేమిటి, కనిపించనిదేమిటి

సంక్షిప్తంగా: అమెజాన్ క్లౌడ్‌లోని ట్రస్టెడ్ అడ్వైజర్, ఖాతాలో డబ్బు ఎక్కడ వృథా అవుతోందో, భద్రత ఎక్కడ బలహీనంగా ఉందో వెతికి చెబుతుంది. భద్రత సలహాలు చాలావరకు ఒక నియమంతో పోల్చి చెప్పేవి. ఖర్చు సలహాలు గత కొద్ది రోజుల వాడకం చూసి వేసే అంచనాలు. ఈ రెంటినీ ఒకే నమ్మకంతో తీసుకోవడం వల్లే గందరగోళం వస్తోంది.

అమెజాన్ వెబ్ సర్వీసెస్ (ఏడబ్ల్యూఎస్) ఖాతా తెరిచి ట్రస్టెడ్ అడ్వైజర్ పేజీలోకి వెళ్తే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులు కనిపిస్తాయి. ఎరుపు అంటే వెంటనే చూడాలి, పసుపు అంటే పరిశీలించాలి, ఆకుపచ్చ అంటే ఇబ్బందేమీ కనబడలేదు. ఖర్చు విభాగంలో వీటికి తోడు నెలకు ఇన్ని డాలర్లు ఆదా చేయవచ్చనే అంకె కూడా ఉంటుంది. బిల్లు పెరిగిన నెలలో మేనేజర్ ఆ అంకెను స్క్రీన్‌షాట్ తీసి, ‘ఇంత మిగులుతుంటే ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదు?’ అని ఇంజినీర్‌ను అడుగుతాడు. సమాధానం ఉంటుంది గానీ, ఒక్క మాటలో చెప్పేది కాదు. ఆ అంకె ఎలా పుడుతుందో ఇద్దరికీ తెలిస్తే తప్ప ఈ టెన్షన్ తీరదు.

వృథా ఎక్కడ మొదలవుతుంది

సొంత సర్వర్ గది ఉన్న రోజుల్లో వాడని యంత్రం మూల పడి ఉన్నా, దాని డబ్బు ఎప్పుడో చెల్లించేసి ఉండేది. క్లౌడ్‌లో అలా కాదు. సర్వర్ ఆన్‌లో ఉన్నంతసేపూ మీటరు తిరుగుతుంది. పైగా సర్వర్ కొనడానికి ఒకప్పుడు అనుమతి, కొటేషన్, సంతకాలు కావాలి. ఇప్పుడు ఏ ఇంజినీరైనా రెండు నిమిషాల్లో సృష్టించుకోవచ్చు. సృష్టించడం తేలికైంది కానీ, దాన్ని తీసేసే బాధ్యత ఎవరిదో ఎక్కడా రాసి ఉండదు. డెమో కోసం పెట్టిన టెస్ట్ సర్వర్, ఉద్యోగం మారిన వ్యక్తి వదిలేసిన డేటాబేస్ అలాగే ఉండిపోతాయి.

కొన్ని చోట్ల డిఫాల్ట్ అమరికలే వృథాకు దారి తీస్తాయి. ఈసీ2 సర్వర్‌ను (అమెజాన్ అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) పూర్తిగా తీసేసినా, దానికి అదనంగా తగిలించిన డిస్కులు మామూలుగా మిగిలిపోతాయి. డేటా పొరపాటున పోకూడదని పెట్టిన జాగ్రత్త అది. కానీ అమెరికాలోని వర్జీనియా రీజియన్ (ఒక ప్రాంతంలోని డేటా సెంటర్ల సముదాయం) ధరల ప్రకారం 500 జీబీ జీపీ3 రకం డిస్కు ఏ సర్వర్‌కూ తగిలించకుండా పడి ఉన్నా నెలకు 40 డాలర్లు. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఇంటర్నెట్‌లో సర్వర్‌ను గుర్తించే పబ్లిక్ ఐపీవీ4 చిరునామాలకు కూడా గంటకు 0.005 డాలర్ చొప్పున వసూలు చేస్తున్నారు; చిరునామా ఒక్కొక్కటికీ నెలకు సుమారు 3 డాలర్ల 60 సెంట్లు. చిన్న మొత్తమే అయినా, ఎవరూ చూడని వంద చిరునామాలుంటే ఏడాదికి నాలుగు వేల డాలర్లు దాటుతుంది.

దీనికి రీజియన్ల సమస్య తోడవుతుంది. ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్ 2016లో, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలయ్యాయి. సర్వర్ల పేజీ మామూలుగా ఒకసారికి ఒక రీజియన్‌నే చూపిస్తుంది. హైదరాబాద్ రీజియన్‌లో పని చేసుకునే ఇంజినీర్‌కు, ఎప్పుడో వర్జీనియాలో ప్రయోగం కోసం పెట్టి మరిచిపోయిన యంత్రం కంటపడదు. బిల్లులో మాత్రం అది ఉంటుంది. ఖాతా మొత్తాన్ని ఒకే జాబితాగా చూపించడం ట్రస్టెడ్ అడ్వైజర్ చేసే పెద్ద మేలు.

ఖర్చు సలహా ఎలా తయారవుతుంది

వాడకం తక్కువున్న ఈసీ2 సర్వర్లను పట్టుకునే తనిఖీనే తీసుకుందాం. గత 14 రోజుల్లో కనీసం 4 రోజులు సీపీయూ వాడకం 10 శాతం లేదా అంతకంటే తక్కువ, నెట్‌వర్క్ వాడకం 5 ఎంబీ లేదా అంతకంటే తక్కువ ఉంటే ఆ సర్వర్ జాబితాలోకి ఎక్కుతుంది. గత 7 రోజుల్లో ఒక్క కనెక్షన్ కూడా రాని ఆర్‌డీఎస్ (అమెజాన్ నడిపే డేటాబేస్ సేవ) డేటాబేస్ ఖాళీగా ఉన్నట్టు లెక్క. ఇందులో మాయాజాలం ఏమీ లేదు. మీటరు రీడింగ్ తీసుకుని, గీత గీసి, గీత కిందున్న వాటి పేర్లు చదవడమే.

ఈ పద్ధతి బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి. మీటరు రీడింగ్ చూసి ఫ్రిజ్ ఎన్ని యూనిట్లు కాల్చిందో చెప్పవచ్చు. లోపల ఇన్సులిన్ ఉందా, ఖాళీ సీసాలున్నాయా అన్నది రీడింగ్ చెప్పదు. సర్వర్ ఎంత పని చేస్తోందో ట్రస్టెడ్ అడ్వైజర్‌కు తెలుసు, ఎందుకుందో తెలియదు.

మొదటి చిక్కు మెమరీతో వస్తుంది. ఈసీ2 సర్వర్ సీపీయూ ఎంత వాడుతోందో, నెట్‌వర్క్‌లో ఎంత డేటా వెళ్తోందో అమెజాన్‌కు బయటి నుంచే కనిపిస్తుంది. లోపల మెమరీ ఎంత నిండిందో కనిపించాలంటే సర్వర్‌లో క్లౌడ్‌వాచ్ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను విడిగా పెట్టాలి. రెడిస్ లాంటి మెమరీ ఆధారిత వ్యవస్థలు, కొన్ని జావా అప్లికేషన్లు సీపీయూను పెద్దగా కదిలించకుండానే మెమరీని నింపేస్తాయి. ఏజెంట్ లేకపోతే అలాంటి యంత్రం బయటికి తీరిగ్గా కూర్చున్నట్టే ఉంటుంది. సైజు తగ్గిస్తే సగం మెమరీ పోతుంది, ఆ రాత్రికే అప్లికేషన్ పడిపోతుంది. 2019 చివర్లో వచ్చిన కంప్యూట్ ఆప్టిమైజర్ ఈ విషయంలో మెరుగు. ఏజెంట్ పంపే మెమరీ లెక్కలు ఉంటే వాటినీ పరిగణిస్తుంది, సర్వర్‌ను తీసేయమనడమే కాకుండా ఏ సైజుకు మార్చాలో చెబుతుంది. కానీ లెక్కలు అందకపోతే దానికీ చూపు లేనట్టే.

రెండోది కాలవ్యవధి. జీతాల లెక్క కట్టే సర్వర్ నెలాఖరున రెండు రోజులు విపరీతంగా పని చేసి మిగతా రోజులు నిద్రపోతుంది. నెల మధ్యలో వెనక్కి చూసే 14 రోజుల కిటికీలో అది పనికిరాని యంత్రమే. పరీక్ష ఫలితాల సైట్లు, సంక్రాంతి ప్రయాణాల టికెట్ బుకింగ్ వ్యవస్థలు ఇంకా కష్టమైన ఉదాహరణలు. వాటి అసలు అవసరం ఏడాదిలో కొద్ది రోజులే. కంప్యూట్ ఆప్టిమైజర్ కూడా మామూలుగా 14 రోజులే చూస్తుంది, అదనంగా డబ్బు కడితే దాదాపు మూడు నెలలు చూస్తుంది. ఏడాది క్యాలెండర్ మాత్రం దాని లెక్కలోకి రాదు. సంక్రాంతి ఎప్పుడొస్తుందో మనిషే గుర్తుపెట్టుకోవాలి.

మూడోది అన్నింటికంటే ముఖ్యం: ఖాళీగా ఉండటమే పనిగా ఉన్న యంత్రాలు. అసలు సర్వర్ పడిపోతే అందుకోవడానికి పెట్టిన స్టాండ్‌బై సర్వర్ రోజూ ఖాళీగానే ఉంటుంది. ఉండాలి కూడా. ఇక్కడ ఒకే పరికరంలోని రెండు విభాగాలు ఎదురెదురు సలహాలు ఇచ్చే పరిస్థితి వస్తుంది. ఖర్చు విభాగం ఆ సర్వర్ వాడకం తక్కువ అంటుంది. వైఫల్యాలను తట్టుకునే సామర్థ్యం చూసే విభాగం, డేటాబేస్ ఒకే జోన్‌లో (రీజియన్‌లో విడిగా ఉండే డేటా సెంటర్ భాగం) ఉంది, రెండో జోన్‌లో నకలు పెట్టుకోండి అంటుంది; అలా పెడితే డేటాబేస్ ఖర్చు దాదాపు రెట్టింపు. రెండు మాటలూ వాటి వాటి లెక్కలో నిజమే. సేవ ఓ గంట ఆగితే సంస్థకు ఎంత నష్టమన్నది తెలిసినవాళ్లు మాత్రమే ఈ రెంటి మధ్య తీర్పు చెప్పగలరు. ఆ అంకె క్లౌడ్ కంపెనీ దగ్గర లేదు.

ముందస్తు ఒప్పందాల సంగతి

సేవింగ్స్ ప్లాన్ల సిఫారసు కూడా ఇదే పేజీలో కనిపిస్తుంది. ఏడాదికో మూడేళ్లకో గంటకు ఇంత ఖర్చు చేస్తామని మాట ఇస్తే, రకాన్ని బట్టి 72 శాతం దాకా తగ్గింపు ఉంటుందని ఏడబ్ల్యూఎస్ చెబుతుంది. ఆదా అంకెల్లో పెద్ద భాగం తరచుగా ఇక్కడి నుంచే వస్తుంది. మిగతా సలహాలకూ దీనికీ ఒక తేడా ఉంది. మిగతావి ఖర్చు తగ్గించమంటాయి, ఇది ఖర్చు చేస్తూనే ఉంటామని ఒప్పుకోమంటుంది. స్థిరమైన వాడకం ఉన్న సంస్థకు ఇది మంచి బేరం, అందులో సందేహం లేదు. కానీ సిఫారసు గత 7, 30 లేదా 60 రోజుల వాడకం మీద లెక్క కట్టినది. ఆ వాడకంలో వృథా కూడా కలిసే ఉంటుంది.

నాలుగు ఎం5 ఎక్స్‌లార్జ్ సైజు సర్వర్లున్నాయనుకుందాం. వర్జీనియా ధర గంటకు 0.192 డాలర్ చొప్పున ఒక్కోదానికి నెలకు సుమారు 140 డాలర్లు, మొత్తం 560. నిజానికి ఒక సైజు తక్కువైన ఎం5 లార్జ్‌లు సరిపోతాయి, వాటికి సగమే. ముందు సైజు తగ్గించి, తర్వాత ఒప్పందం చేసుకుంటే 280 డాలర్ల మీద తగ్గింపు వస్తుంది. ముందే ఒప్పందం చేసుకుని ఆ తర్వాత సైజు తగ్గిస్తే, తగ్గిన సర్వర్లకు కూడా పాత మాట ప్రకారం చెల్లిస్తూనే ఉండాలి. ఈ వరుస తప్పి నష్టపోవడం చాలా తేలిక. పేజీలో రెండు సలహాలూ పక్కపక్కనే ఉంటాయి తప్ప, ఏది ముందు చేయాలో గట్టిగా చెప్పే ఏర్పాటు లేదు. 2023 నవంబరులో వచ్చిన కాస్ట్ ఆప్టిమైజేషన్ హబ్ మాత్రం ఒకే ఆదాను రెండుసార్లు కలపకుండా మొత్తం లెక్క చూపించే ప్రయత్నం చేస్తుంది.

భద్రత సలహాల తీరు వేరు

భద్రత విభాగంలో అంచనాలు తక్కువ. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడే 3306 పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) లోకమంతటికీ తెరిచి ఉందా? రూట్ ఖాతాకు (అన్ని అధికారాలూ ఉన్న అసలు ఖాతా) ఎంఎఫ్ఏ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ, ఉందా? యాక్సెస్ కీ (ప్రోగ్రాములు ఖాతాలోకి రావడానికి వాడే రహస్య తాళంచెవి) మార్చి 90 రోజులు దాటిందా? డిస్క్ స్నాప్‌షాట్ (నకలు) పబ్లిక్‌గా ఉందా? వీటికి అవును, కాదు అనే రెండే జవాబులు. కాబట్టి ఇక్కడ ఎరుపు కనిపిస్తే దాన్ని నమ్మవచ్చు. అవును, కొన్నిసార్లు అది కావాలని చేసినదై ఉంటుంది. వెబ్‌సైట్ బొమ్మలు పెట్టుకునే ఎస్3 బకెట్‌ను (అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచుకునే చోటు) కావాలనే పబ్లిక్‌గా ఉంచి ఉండవచ్చు. అలాంటివాటిని జాబితా నుంచి మినహాయించే వీలుంది. మినహాయించకుండా వదిలేస్తే, రోజూ కనిపించే ఎరుపుకు కళ్లు అలవాటు పడి, నిజమైన ఎరుపు వచ్చిన రోజున ఎవరూ చూడరు.

రూట్ ఖాతాకు ఎంఎఫ్ఏ పెట్టమనడం చిన్న విషయంలా అనిపిస్తుంది. 2014 జూన్‌లో ఇతరుల ప్రోగ్రామ్ కోడ్‌ను భద్రపరిచే కోడ్ స్పేసెస్ అనే సంస్థ ఏడబ్ల్యూఎస్ కంట్రోల్ ప్యానెల్‌లోకి ఆగంతకుడు చొరబడ్డాడు. డబ్బు డిమాండ్ చేశాడు. సంస్థ ఖాతాను తిరిగి చేజిక్కించుకోబోయేసరికి డేటాను, బ్యాకప్‌లను చాలావరకు తుడిచేశాడు. ఆ సంస్థ మూతపడింది. బ్యాకప్‌లు కూడా అదే తాళం కింద ఉండటం ఆ కథలో అసలు పాఠం.

ఎస్3 బకెట్ల తనిఖీ అందరికీ ఉచితం కావడం వెనుక కూడా ఇలాంటి చరిత్రే ఉంది. 2017లో వరుసగా డేటా లీకులు బయటపడ్డాయి. డీప్ రూట్ అనలిటిక్స్ అనే సంస్థ తెరిచి ఉంచిన బకెట్లో దాదాపు 19.8 కోట్ల మంది అమెరికా ఓటర్ల వివరాలు దొరికాయి. టెలికాం సంస్థ వెరైజన్ వినియోగదారుల సమాచారం ఒక భాగస్వామి సంస్థ బకెట్ ద్వారా బయటపడింది. ఇవేవీ హ్యాకింగ్ నైపుణ్యం కావలసినవి కావు. తలుపు తీసే ఉంది. 2018 ఫిబ్రవరిలో బకెట్ అనుమతుల తనిఖీని అమెజాన్ ఉచితం చేసింది. అదే ఏడాది నవంబరులో పబ్లిక్ ప్రవేశాన్ని ఒక్క స్విచ్‌తో మూసేసే సౌకర్యం తెచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లన్నింటికీ అది ముందే ఆన్ అయి వస్తోంది. సలహా ఇచ్చి ఊరుకోవడం కంటే డిఫాల్ట్‌ను మార్చడం ఎంత బలమైన మందో ఈ క్రమం చూస్తే తెలుస్తుంది. సలహాను పట్టించుకోకపోతే ప్రమాదం అలాగే ఉంటుంది. డిఫాల్ట్ మారితే, తలుపు తెరవడానికే ఎవరో పనిగట్టుకోవాలి.

ఆకుపచ్చ అంటే క్షేమం కాదు

ఎరుపును నమ్మవచ్చు గానీ, ఆకుపచ్చను అంతగా నమ్మడానికి లేదు. 2019లో క్యాపిటల్ వన్ బ్యాంకు ఉదంతం దీనికి స్పష్టమైన సాక్ష్యం. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. ఆ బకెట్లు పబ్లిక్‌గా లేవు. సరిగా అమర్చని ఫైర్‌వాల్ ద్వారా దాడి చేసిన వ్యక్తి, ఆ ఫైర్‌వాల్ సర్వర్‌కు ఇచ్చిన తాత్కాలిక అధికారాలను చేజిక్కించుకున్నారు. అవసరానికి మించిన ఆ అధికారాలతో బకెట్లు చదివేశారు. ఒక్కో అమరికను విడిగా చూసే తనిఖీకి ఇలాంటి గొలుసు దొరకదు. బకెట్ మూసే ఉందా? ఉంది. అంతవరకే దాని ప్రశ్న. తాళంచెవి ఎవరి జేబులో ఉందన్నది వేరే ప్రశ్న. 2020లో ఆ బ్యాంకుకు నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

తనిఖీ చేసే పరికరం కూడా ఖాతా ఇచ్చిన అనుమతుల మేరకే చూడగలదు. 2025లో ఫాగ్ సెక్యూరిటీ పరిశోధకులు ఇదే విషయాన్ని బయటపెట్టారు. బకెట్‌ను పబ్లిక్ చేసి, దాని అమరికలను ట్రస్టెడ్ అడ్వైజర్ చదవకుండా బకెట్ పాలసీలోనే (ఎవరికి ఏ అనుమతి ఉందో చెప్పే నిబంధనలు) నిషేధం పెడితే, ఎరుపు రావలసిన చోట ఆకుపచ్చే కనిపించింది. ‘చూడలేకపోయాను’ అనాల్సింది ‘ఇబ్బంది లేదు’ అన్నట్టయింది. అమెజాన్ దాన్ని సరిచేసింది. తనిఖీ ఫలితం చదివేటప్పుడు అది దేన్ని చూసి చెప్పిందో అడగాలనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఖర్చు, భద్రత ఒకే పేజీలో ఎందుకున్నాయి

ఈ రెండూ వేర్వేరు విభాగాలు చూసుకోవలసిన విషయాల్లా కనిపిస్తాయి. ఆచరణలో ఒకటి రెండోదానిలోకి దారి తీస్తుంది. మరిచిపోయిన టెస్ట్ సర్వర్‌కు డబ్బు ఖర్చవుతుంది, దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఎవరూ వేయరు. దాన్ని తీసేస్తే రెండు సమస్యలూ పోతాయి. రెండో వైపు నుంచి చూస్తే, బీటెక్ విద్యార్థి కాలేజీ ప్రాజెక్టు కోడ్‌తో పాటు యాక్సెస్ కీని కూడా కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెడితే, అలాంటి కీల కోసం నిరంతరం వెతికే ప్రోగ్రాములు దాన్ని త్వరగా పట్టుకుంటాయి. దొంగలు ఆ ఖాతాలో క్రిప్టో మైనింగ్ (క్రిప్టో కరెన్సీ సంపాదించే లెక్కలు) కోసం పెద్ద సర్వర్లు లేపుతారు. భద్రత లోపం బిల్లు రూపంలోనే ముందుగా తెలుస్తుంది. బయటపడ్డ కీలను గుర్తించే తనిఖీ ట్రస్టెడ్ అడ్వైజర్‌లో ఉంది, కానీ వచ్చిన హెచ్చరిక మెయిల్ చదివేవాళ్లుండాలి.

పోటీ సంస్థల పద్ధతి

మైక్రోసాఫ్ట్ అజూర్ అడ్వైజర్ ఇదే పని చేస్తుంది, విడిగా రుసుము లేదు. మామూలుగా 7 రోజుల వాడకం చూస్తుంది, కావాలంటే ఆ గడువును 90 రోజుల దాకా పెంచుకోవచ్చు. నెలాఖరు పనులున్న సంస్థలకు ఈ ఒక్క సెట్టింగ్ చాలా తేడా తెస్తుంది. గూగుల్ క్లౌడ్ సర్వర్ సైజు సూచించడానికి గత 8 రోజులు, ఖాళీ సర్వర్లను గుర్తించడానికి 14 రోజులు చూస్తుంది. గూగుల్ ప్రత్యేకత అధికారాల విషయంలో ఉంది: 90 రోజులుగా వాడని అనుమతులను గుర్తించి తగ్గించమంటుంది. క్యాపిటల్ వన్ తరహా గొలుసులో తెంచవలసిన లంకె సరిగ్గా అదే. ఏడబ్ల్యూఎస్‌లో ఇలాంటి పనికి ఐఏఎం యాక్సెస్ ఎనలైజర్ అనే వేరే సేవ ఉంది.

ఏడబ్ల్యూఎస్‌లో ట్రస్టెడ్ అడ్వైజర్ తనిఖీలన్నీ అందరికీ రావు. ఉచిత ఖాతాకు ముఖ్యమైన కొన్ని భద్రత తనిఖీలు, సర్వీసు పరిమితుల తనిఖీలు మాత్రమే. ఖర్చు సలహాలు కావాలంటే పెయిడ్ సపోర్ట్ ప్లాన్ ఉండాలి. చాలా ఏళ్లపాటు అందుకు కనీసం నెలకు 100 డాలర్ల బిజినెస్ సపోర్ట్ కావలసి వచ్చింది. నెలకు 300 డాలర్ల బిల్లున్న చిన్న స్టార్టప్‌కు, మూడో వంతు ఆదా దొరికితే గానీ ఆ రుసుము కూడా తిరిగి రాదు. 2025 చివర్లో ప్రకటించిన కొత్త ప్లాన్లతో ఈ ప్రవేశ ధర తగ్గింది. అప్పటికీ, కంప్యూట్ ఆప్టిమైజర్ ప్రాథమిక సేవ, కాస్ట్ ఆప్టిమైజేషన్ హబ్ రెండూ ఉచితమే కాబట్టి చిన్న సంస్థలు వాటితో మొదలుపెట్టడం మేలు.

సలహా నుంచి చర్య దాకా

సలహా వచ్చాక ఆగిపోయేది సాధారణంగా ఒకే చోట: ఆ సర్వర్ ఎవరిది? ప్రతి వనరుకూ యజమాని పేరు, ప్రాజెక్టు పేరు, గడువు తేదీ ట్యాగ్‌గా పెట్టే అలవాటున్న సంస్థలో జాబితా నేరుగా సంబంధిత టీమ్‌కు చేరుతుంది. లేని చోట అందరికీ మెయిల్ వెళ్తుంది, అంటే ఎవరికీ వెళ్లనట్టే. తీసేసే ముందు ఆపి చూడటం మంచి పద్ధతి. సర్వర్‌ను రెండు వారాలు ఆపి ఉంచితే కంప్యూట్ ఖర్చు ఆగుతుంది, డిస్క్ ఖర్చు మాత్రం ఉంటుంది. ఈలోపు ఎవరైనా అరిస్తే యజమాని దొరికినట్టే. అరవకపోతే స్నాప్‌షాట్ తీసుకుని తొలగించవచ్చు.

పొదుపు ఊపులో ముందుగా కోత పడేది లాగ్‌లకు, అంటే వ్యవస్థలో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులకు. వాటి వల్ల రోజువారీ లాభం కనిపించదు, బిల్లు మాత్రం కనిపిస్తుంది. భారతదేశంలో ఇక్కడ చట్టం అడ్డు నిలుస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. 2025 నవంబరులో నోటిఫై అయిన నిబంధనలు, చొరబాట్లను గుర్తించి విచారించడానికి అవసరమైన లాగ్‌లను ఏడాదిపాటు ఉంచాలంటున్నాయి. ఏడబ్ల్యూఎస్‌లో ఎవరు ఏ మార్పు చేశారో నమోదు చేసే క్లౌడ్‌ట్రెయిల్, ఏమీ అమర్చకపోతే 90 రోజుల చరిత్రనే చూపిస్తుంది. నమోదు ఆన్‌లో ఉందా లేదా అన్నది ట్రస్టెడ్ అడ్వైజర్ చూస్తుంది. ఆ ఫైళ్లు చేరే బకెట్లో గడువు మూడు నెలలకే పెట్టారా, ఏడాదికి పెట్టారా అన్నది ఎవరైనా తెరిచి చూడాలి.